నది పక్కన ఆర్వీ క్యాంపింగ్: డల్లాస్ నుంచి పెద్దవాళ్లతో, పిల్లలతో ఎక్కడికి వెళ్లొచ్చు?

ఫ్రిస్కో నాన్న | ఏప్రిల్ 9

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడెప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మానాన్న ఫిబ్రవరిలో కోనసీమ నుంచి వచ్చారు. మొదటి నెల బానే గడిచింది. ఇప్పుడు నాన్న పొద్దున్నే లేచి పెరట్లో కంచె దాకా నడుస్తారు, వెనక్కి వస్తారు, మళ్లీ నడుస్తారు. మొన్న అడిగారు: "ఇన్నేళ్ల బట్టి ఉంటున్నావు, ఇక్కడ ఒక్క ఏరూ లేదట్రా?" కాలనీ వెనకాల వాననీటి కాలవ చూపిస్తే నా వంక జాలిగా చూశారు.

అందుకని మే రెండో వారాంతానికి ఒక ఆర్వీ (మంచాలు, వంటగది, బాత్రూం అన్నీ ఉండే బండి) అద్దెకు తీసుకుని శుక్రవారం నుంచి ఆదివారం దాకా నది ఒడ్డున ఉందామనుకుంటున్నాం. 25 అడుగుల క్లాస్ సీ బండి, అంటే డ్రైవరు పైన కూడా మంచం ఉండే రకం. మేం ఆరుగురం: అమ్మ (66, మోకాళ్ల నొప్పి), నాన్న (71), మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. ఆర్వీ ఎప్పుడూ నడపలేదు.

నా లిస్టులో గార్నర్, గ్వాడలూప్ రివర్ స్టేట్ పార్కులు, బీవర్స్ బెండ్, గ్లెన్ రోజ్ ఉన్నాయి. కండిషన్ ఒక్కటే, నీళ్లకి ఎంత దగ్గరైతే అంత మంచిది. తలుపు తీస్తే నది కనిపించాలి.

చక్రాల ఇల్లు | ఏప్రిల్ 9

స్వాగతం తమ్ముడూ. మాకు సొంత ఆర్వీ వచ్చి ఆరేళ్లయింది, కాబట్టి కొంచెం పెద్దరికం చూపిస్తా, ఏమనుకోకు.

మొదటి ట్రిప్పుకే గార్నర్ వద్దు. ఫ్రిస్కో నుంచి 370 మైళ్ల పైమాటే. కారులో ఆరు గంటలు, ఆర్వీలో ఏడెనిమిది. గాలి వీస్తే బండి పక్కకు లాగుతుంది, గంటకు 60, 65 మైళ్లు దాటి నడపబుద్ధి కాదు. మధ్యలో మీ అమ్మగారు నాలుగుసార్లు దిగాలంటారు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే చీకట్లో చేరతావు. చీకట్లో 25 అడుగుల బండిని వెనక్కి పెట్టి సైటులో (పార్కులో మన బండికి ఇచ్చే చోటు) పార్క్ చేయడం కొత్తవాళ్ల పని కాదు. భార్యాభర్తల మధ్య పెద్ద గొడవలన్నీ ఆ పది నిమిషాల్లోనే జరుగుతాయి.

రెండు మూడు గంటల దూరంలో ఉన్నవి చూసుకో. గ్లెన్ రోజ్‌లో డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్క్, పలక్సీ నది. లేదా ఓక్లహోమాలో బీవర్స్ బెండ్, మౌంటెన్ ఫోర్క్ నది. రెండింట్లో ఏదైనా పర్లేదు.

ఇంకో మాట. బుక్ చేసేటప్పుడు "ఆర్వీ సైట్" అని ఉంటే చాలదు. నీళ్లు, కరెంటు, సీవర్ (మురుగు పైపు) మూడూ ఉంటేనే ఫుల్ హుకప్. స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల నీళ్లు, కరెంటు మాత్రమే ఉంటాయి. మురుగు ట్యాంకులు వెళ్లేటప్పుడు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసుకోవాలి. రెండు రాత్రులకు ఆరుగురికి అది సరిపోతుంది, స్నానాలు మాత్రం పార్కు బాత్రూముల్లో కానిచ్చేయండి.

నిద్రమొహం | ఏప్రిల్ 9

అద్దె, మైలేజీ చార్జీ, గ్యాలన్‌కు పది మైళ్లు కూడా ఇవ్వని బండికి పెట్రోలు, ఇన్సూరెన్స్. ఆ డబ్బుతో మంచి క్యాబిన్ వస్తుంది బాస్. మంచం, బాత్రూం కదలకుండా ఒకచోటే ఉంటాయి.

ఆస్టిన్ అత్తయ్య | ఏప్రిల్ 10

నిద్రమొహం గారిది ప్రతి చర్చలోనూ ఇదే సలహా. :)

బాబూ, దూరం సంగతి నిజమే కానీ గార్నర్‌ని లిస్టులోంచి పూర్తిగా కొట్టేయకు, ఇంకోసారికి దాచుకో. అక్కడి నది పేరు ఫ్రియో, స్పానిష్‌లో చల్లన అని అర్థం. ఆగస్టులో నూరు డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో కూడా ఆ నీళ్లలో కాలు పెడితే ఒళ్లు జలదరిస్తుంది. గట్టు పొడవునా సైప్రస్ చెట్లు, వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. ఎండాకాలం రాత్రుళ్లు పాతకాలపు పెవిలియన్‌లో జూక్‌బాక్స్ పెట్టి డాన్సులు వేస్తారు, 1940ల నుంచీ అదొక ఆనవాయితీ. మా మామగారు పంచెతోనే వెళ్లి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇక్కడి స్టేట్ పార్కుల సైట్లు ఐదు నెలల ముందే తెరుస్తారు, మంచి వారాంతాలు అప్పుడే నిండిపోతాయి. ఏప్రిల్‌లో కూర్చుని మే వారాంతం చూస్తున్నావంటే రద్దయిన సైట్ల కోసం రోజూ వెబ్‌సైటు చూడాల్సిందే. రాత్రి పడుకునే ముందోసారి, పొద్దున కాఫీకోసారి. నాకు అలాగే దొరుకుతాయి.

ఓరుగల్లు వాసు | ఏప్రిల్ 10

వంట గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మేం నిరుడు మస్తు ఇబ్బంది పడ్డాం.

అద్దె బళ్లు చాలావరకు 30 యాంప్స్. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకే 1,500 దాకా పోతుంది. దాని మీద ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) వెయ్యి, మైక్రోవేవ్ ఇంకో వెయ్యికి పైగా. మా ఆవిడ పప్పు పెట్టింది, మా చెల్లె పాలు వేడి చేసింది, ఏసీ నడుస్తుంది, టక్కున బ్రేకర్ పడింది. లోపల ఎనిమిది మందిమి, బయట 98 డిగ్రీలు. 50 యాంప్స్ సైట్ తీసుకున్నా లాభం లేదు, బండి 30 యాంప్స్‌ది అయితే దానికి అంతే వస్తుంది.

కాబట్టి అన్నం వండేటప్పుడు ఏసీ ఆపండి, లేదంటే గ్యాస్ స్టవ్ మీద వండండి. పోపు మాత్రం లోపల వేయొద్దు. ఎండుమిర్చి ఘాటుకు స్మోక్ అలారం మోగితే పక్క సైటు తాత టార్చిలైటు పట్టుకుని వచ్చిండు. చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి బయట బల్ల మీద పెట్టుకుంటే అయిపోతుంది. పులిహోర, చపాతీలు, పచ్చళ్లు ఇంటి నుంచే తీసుకుపోండి.

ఫ్రిస్కో నాన్న | ఏప్రిల్ 10

అందరికీ థాంక్స్. గార్నర్ తీసేశాను. గ్లెన్ రోజ్ దగ్గర ఒక ప్రైవేట్ ఆర్వీ పార్కులో ఫుల్ హుకప్ సైటు ఖాళీగా కనిపించింది. ఫొటోలో బండి చక్రాలకూ నీళ్లకూ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు, గట్టు కూడా లేదు, పచ్చికలోంచి నేరుగా నదిలోకి దిగేయొచ్చు. అమ్మకు మెట్లు ఎక్కలేని సమస్య ఉంది కదా, అదే బుక్ చేసేద్దామనుకుంటున్నా. స్టేట్ పార్కులో అయితే సైట్ల నుంచి నది దాకా నడవాలట.

శాన్ ఆంటోనియో రావు | ఏప్రిల్ 10

బుక్ చేయొద్దు. ముందు ఇది చదవండి.

2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదికి ఏమైందో మీ అందరికీ తెలుసు. హంట్ అనే ఊరి దగ్గర 45 నిమిషాల్లో నది దాదాపు 26 అడుగులు లేచింది. రెండంతస్తుల ఇంటి ఎత్తు అది. కెర్ కౌంటీలోనే వంద మందికి పైగా పోయారు. సమ్మర్ క్యాంపుల్లో ఉన్న చిన్నపిల్లలు, నది పక్కన ఆర్వీల్లో సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు. ఆ వేళకు అందరూ నిద్రలో ఉన్నారు.

అక్కడి కొండలు సున్నపురాయి. మట్టి పలచన, వాన నీరు ఇంకదు, ఎక్కడ పడ్డది అక్కడి నుంచి వాగుల్లోకి జారుతుంది. ఆ ప్రాంతాన్ని ఫ్లాష్ ఫ్లడ్ ఆలీ (మెరుపు వరదల సందు) అని ఊరికే అనరు. గ్లెన్ రోజ్ ఆ కొండల్లోది కాదు, కానీ పలక్సీ కూడా రాతి పరుపు మీద పారే నదే. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ లేస్తుంది. మేలో టెక్సస్‌లో రాత్రిపూట ఉరుములతో వానలు మామూలే.

నేను సైటు చూసే పద్ధతి చెప్తా. మొదట నది వైపు చూడను, బయటికి వచ్చే దారి చూస్తాను. క్యాంప్‌గ్రౌండ్ నుంచి రోడ్డుకి వచ్చే దారిలో చప్టా ఉందా? ఇక్కడ లో వాటర్ క్రాసింగ్ అంటారు, మన ఊళ్లలో వాగు మీద వేసే చప్టాయే. ఉంటే ఆ సైటు నాకొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. నది లేచినప్పుడు ముందు మునిగేది అదే. పారే నీళ్లు ఒక్క అడుగు ఉంటే చిన్న కార్లు కొట్టుకుపోతాయి, రెండడుగులు ఉంటే చాలా బళ్లు ఆగవు. ఆర్వీ బరువైనది కదా అనుకుంటారు, కానీ దాని పక్క గోడ వెడల్పు చూడండి, నీటికి అది తెరచాప.

రెండోది ఎత్తు. మ్యాపులో భూమి ఎత్తు చూపించే గీతలు ఉంటాయి. నది మట్టానికీ సైటుకీ మధ్య తేడా ఎంతో చూడండి. చెట్ల కొమ్మల్లో ఎండు గడ్డి, ప్లాస్టిక్ చిక్కుకుని కనిపిస్తే ఆ ఎత్తు దాకా ఒకప్పుడు నీళ్లొచ్చినట్టే. ఆ పార్కు ఫొటోలు మళ్లీ పెద్దవి చేసి చూడండి.

మూడోది రాత్రి హెచ్చరిక. లోయల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, అలర్టు రాదు. ముప్పై డాలర్లు పెడితే బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో వస్తుంది, దానికి ఫోన్ సిగ్నల్‌తో పని లేదు. ఫ్లడ్ వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే వస్తోందని. వార్నింగ్ వింటే హుకప్‌లు విప్పుతూ కూర్చోవద్దు, బండిని వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని మిట్టకి నడవండి.

ప్లేనో కుర్రాడు | ఏప్రిల్ 10

రావు గారూ, మరీ భయపెడుతున్నారు. ఎనిమిదేళ్లుగా ప్రతి ఎండాకాలం నది ఒడ్డునే టెంట్ వేస్తున్నాం, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. ఆకాశం చూసుకుని వెళ్తే చాలు. వాతావరణం బాగుంటే టెన్షన్ ఎందుకు? ఇలా ఆలోచిస్తే కారు కూడా నడపలేం.

మేడ్చల్ మాధవి | ఏప్రిల్ 11

ఆకాశం చూసుకుంటే చాలు అన్నారు కాబట్టి రాస్తున్నాను.

2014 జూన్ 8. హిమాచల్‌లో బియాస్ నది. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ పిల్లలు సాయంత్రం పూట నదిలో రాళ్ల మీదకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. నీళ్లు చీలమండల దాకా కూడా లేవు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు పోయారు. అక్కడ వాన లేదు. అప్పుడు నేను అదే వయసులో, అదే ఊళ్లో, వేరే కాలేజీలో చదువుతున్నాను. ఆ వీడియో చూసినవాళ్లెవరూ ఆకాశం గురించి మాట్లాడరు.

బీవర్స్ బెండ్ లిస్టులో ఉంది కాబట్టి ఇంకో మాట. మౌంటెన్ ఫోర్క్ మీద బ్రోకెన్ బో డ్యామ్ ఉంది. కరెంటు తయారీకి నీళ్లు వదిలినప్పుడు కింద మట్టం, వేగం రెండూ మారతాయి. ఏ రోజు ఏ వేళకి టర్బైన్లు నడుపుతారో షెడ్యూలు ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. చేపలు పట్టేవాళ్లు అది చూడకుండా నీళ్లలో దిగరు. మనం కూడా చూస్తే సరిపోతుంది. వెళ్లొద్దని నేననడం లేదు.

ప్లేనో కుర్రాడు | ఏప్రిల్ 11

సారీ అక్కా. అది గుర్తు లేదు నాకు.

ఫ్రిస్కో నాన్న | ఏప్రిల్ 11

నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత భద్రాచలం లెక్కలు మొదలుపెట్టారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 వచ్చింది. అప్పుడు ఆయన గొడ్లను తోలుకుని ఏటిగట్టు ఎక్కారట, మూడు రోజులు అక్కడే. "భద్రాచలంలో రేడియో చెప్పాక నీరు మా లంకలోకి వచ్చేసరికి ఒక రోజు పైనే పట్టేది. బియ్యం, కిరసనాయిలు, నులక మంచాలు, అన్నీ గట్టు మీదకి చేర్చేవాళ్లం. గోదారి పెద్ద మనిషిరా, కబురు పెట్టి వస్తుంది. మూడు గంటలకు పడుకున్నోడిని మూడూముప్పావుకి ముంచే ఏరంటే అది వేరే జాతి" అన్నారు.

అప్పుడు ఆ ప్రైవేట్ పార్కు ఫొటో చూపించాను. "గట్టు లేని ఏటి పక్కన ఇల్లు ఎవడు కడతాడు? చక్రాలున్నా ఇల్లు ఇల్లే" అన్నారు. ఫొటో పెద్దది చేస్తే నదివైపు చెట్లకి మనిషి తల ఎత్తులో ఎండు చెత్త వేలాడుతోంది. రావు గారూ, మీకు దండం.

స్టేట్ పార్కు సైటు కోసం చూస్తున్నా. అమ్మ నడక సంగతి ఎలా?

చక్రాల ఇల్లు | ఏప్రిల్ 11

అమ్మగారి కోసం చూడాల్సింది నదికి దూరం కాదు, బాత్రూముకి దూరం. సైటు మ్యాపులో బాత్రూముకి రెండు మూడు సైట్ల దూరంలో తీసుకో. మరీ పక్కదైతే రాత్రంతా తలుపు చప్పుడు. నది దగ్గరికి పగలు రెండుసార్లు కారులో దింపొచ్చు, మీ ఆవిడ కారు కూడా వెనకాలే తెచ్చేయండి. మొదటిసారి వాళ్లకి ఇది చాలా ఉపయోగం, ఉప్పు మర్చిపోతే ఆర్వీ కదిలించి కొట్టుకు వెళ్లక్కర్లేదు.

డ్రైవరు పైన ఉండే మంచం పిల్లలకివ్వు, పక్కకి వల కట్టు. వెనక పెద్ద మంచం అమ్మానాన్నలకి. మీ ఇద్దరికీ భోజనాల బల్ల మడిచి చేసే మంచం. నీ నడుముకి నా సానుభూతి.

అద్దెకిచ్చేవాళ్లని ముందే అడుగు, ఆరు సీటు బెల్టులు ఉన్నాయా, పాప బూస్టర్ సీటు ఎక్కడ పడుతుంది అని. ఆరుగురు పడుకునే బండిలో ఆరుగురికి సరైన సీట్లు ఉంటాయని లేదు. ఇంకా, బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించు. పదకొండు అడుగుల పైన ఉంటుంది. డ్రైవ్ త్రూలో కాఫీ తాగుదామనుకునేవు.

గుంటూరు కోడలు | ఏప్రిల్ 12

ఒక రహస్యం చెప్తాను. మా అత్తగారు ఆర్వీ లోపలికి అడుగుపెట్టి చూసి "బాత్రూంకి ఆనుకుని పొయ్యి ఏంటే, ఇందులో నేను వండను, తినను" అని దిగిపోయారు. రెండు రోజులూ బయట బల్ల మీద వండాం. ముందే చెప్పి తీసుకెళ్లండి.

బ్లాక్ ట్యాంక్ (మరుగుదొడ్డిది) సంగతి మగవాళ్లకి అప్పగించండి. ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే (స్నానం, సింకు నీళ్లది), అప్పుడు సబ్బునీళ్లు పైపుని కడుగుతాయి. మా ఆయన తారుమారు చేశారు. అంతకంటే రాయను.

ఓరుగల్లు వాసు | ఏప్రిల్ 12

రాయకపోయినా సమజైంది.

ఫ్రిస్కో నాన్న | ఏప్రిల్ 19

దొరికింది! ఆస్టిన్ అత్తయ్య గారు చెప్పినట్టే, రాత్రి పదకొండున్నరకి ఎవరో రద్దు చేశారు. డైనోసార్ వ్యాలీ, నీళ్లు, కరెంటు ఉన్న సైటు, బాత్రూముకి మూడు సైట్ల అవతల. వెదర్ రేడియో కూడా కొన్నా. వెళ్లొచ్చాక రాస్తాను.

ఫ్రిస్కో నాన్న | మే 12

వచ్చాం. అందరూ క్షేమం. కొంచెం వివరంగా రాస్తాను, తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

శుక్రవారం రెండున్నరకి బయల్దేరాం. ఫోర్ట్ వర్త్ ట్రాఫిక్ దాటేసరికి నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఐదుంబావుకి చేరాం. వెనక్కి పెట్టడానికి పదిహేను నిమిషాలు, ఒక గొడవ. చక్రాల ఇల్లు గారు ఇచ్చిన లెక్క సరిపోయింది.

ఎండ తగ్గాక అందరం నదికి వెళ్లాం. నీళ్లు తేటగా, మోకాలి లోతు. రాతి పరుపు మీద మూడు వేళ్ల డైనోసార్ అడుగుజాడలు. 11 కోట్ల ఏళ్ల పైనాటివట. బాబు తన కాలు అందులో పెట్టి కదలలేదు. నాన్న అడుగుల వంక ఒక్క నిమిషం చూసి, ఒక ఎండు కర్ర వెతికి తెచ్చారు. నీటి అంచున రాళ్ల మధ్య గుచ్చి, చుట్టూ నాలుగు రాళ్లు పేర్చారు. ఎందుకు నాన్నా అంటే, "మా నాన్న వరద నెలల్లో రోజూ సాయంత్రం గుచ్చేవాడు" అన్నారు.

ఆ రాత్రి మా దగ్గర చినుకు పడలేదు. పడమట దూరంగా మెరుపులు మాత్రం కనిపించాయి. నేను ఫోన్‌లో చూశాను, గ్లెన్ రోజ్ దగ్గర పలక్సీ మీద యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ) వాళ్ల నీటిమట్టం కొలిచే గేజ్ ఉంది, నీటి మట్టం ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. పన్నెండింటి దాకా గీత అడ్డంగానే ఉంది. పడుకున్నాం.

పొద్దున ఆరింటికి నాన్న తలుపు కొట్టారు. ఆయన అప్పటికే వెళ్లొచ్చారు. "కర్ర లేదు" అన్నారు.

వెళ్లి చూస్తే తేట నీళ్ల జాడ లేదు. ఎర్రమట్టి కలిసిన టీ రంగు, నురగ, కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. నాలుగైదు అడుగులు లేచి ఉంటుంది. పెద్ద వరదేం కాదు, రేంజరు అసలు పట్టించుకోలేదు. మా సైటు చాలా మిట్టన ఉంది, మాకేం కాలేదు. కానీ నిన్న సాయంత్రం పాప కూర్చున్న రాయి ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాం.

అడుగులు చూపిస్తానని తీసుకొచ్చి బురదనీళ్లు చూపించానని బాబు అలిగాడు. అవతలి గట్టు కాలిబాటలకి నది దాటి వెళ్లాలి, అదీ కుదరలేదు. గేటు దగ్గర రెండు పెద్ద ఫైబర్‌గ్లాస్ డైనోసార్లు ఉన్నాయి, 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ నుంచి తెచ్చినవట. శనివారమంతా వాటి కిందే గడిపాం. అమ్మ బయట పొయ్యి మీద వంకాయ కూర చేసింది. బ్రేకర్ ఒక్కసారే పడింది, తప్పు నాదే, ఏసీ నడుస్తుండగా కెటిల్ పెట్టా.

ఆదివారం పొద్దునకి నీళ్లు చాలా దిగాయి, రంగు ఇంకా మారలేదు. ఒక్క అడుగు గుర్తు, సగం.

అద్దె కంపెనీ వాళ్లు బండి తిరిగి ఇచ్చాక గ్రే ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేయలేదని 75 డాలర్లు కోశారు. డంప్ స్టేషన్‌లో పూర్తి చేశాకే వచ్చాం, ఫొటో తీసుకోలేదు. మీరు తీసుకోండి.

శాన్ ఆంటోనియో రావు | మే 12

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ ప్రైవేట్ పార్కులో శనివారం పొద్దున ఎలా ఉందో తెలిసిందా?

ఫ్రిస్కో నాన్న | మే 12

తిరిగొస్తూ అటుగా వచ్చాం. నేను చూసిన సైటు దగ్గర పచ్చిక మీద బురద ఆరుతోంది, కరెంటు స్తంభం మొదట్లో జానెడు ఎత్తున తడి మరక. అక్కడ బళ్లేవీ లేవు. ఎప్పుడు తీశారో, ఎవరు లేపారో తెలియదు.

ఆస్టిన్ అత్తయ్య | మే 13

బాబూ, అక్టోబర్‌లో మీ నాన్నగారు ఇక్కడే ఉంటారా? ఉంటే ఇంక్స్ లేక్ బుక్ చేసుకో. నది కాదు, చెరువే, కానీ నీటిమట్టం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది, ఒడ్డు దగ్గరే కరెంటు సైట్లు ఉంటాయి. ఐదు నెలల లెక్కన ఇప్పుడే తెరుస్తారు.

ఫ్రిస్కో నాన్న | మే 13

ఆగస్టులో వెళ్లిపోతారు అత్తయ్యా. అడిగితే "చెరువా? పారని నీళ్ల దగ్గర ఏం కూర్చుంటాంరా" అన్నారు. జూన్‌లో మళ్లీ పలక్సీకే వెళ్దామంటున్నారు. కర్ర ఈసారి ఇంటి నుంచే తెస్తారట, అడుగుల గీతలు గీసి.